ద్వారబంధం మీది రెండో దీపం

"మనసు రావటం లేదా వదినా? బెండకాయలే కదా, బంగారం కాదుగా!"

పోలమ్మ కూరలు తూచి సంచిలో పోసేసి, వీరవేణి చెవి వెనక్కి తొంగి చూస్తూ నిలబడింది. అక్కడ చర్మానికి అంటుకుని శనగబద్దంత పూస ఒకటుంది. దాని పేరు సంకల్పిక. అది ఎర్రబడితేనే బేరం కుదిరినట్టు. ఎర్రబడబోయి మళ్ళీ మామూలు గోధుమరంగులోకి దిగిపోవడం అప్పటికి రెండోసారి.

"కొంటానే పోలీ. ఉండు కాస్త."

"ఉంటాను. నువ్వు కొంటానంటే సరిపోదుగా, అది అనాలి. మా అత్తా ఇంతే. పొద్దెక్కేదాకా ఊగి ఊగి, చివరికి కరివేపాకు రెబ్బ పట్టుకుపోద్ది."

వెనక నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వారు. వీరవేణి కూడా నవ్వబోయింది గాని ముఖం సహకరించలేదు. కళ్ళు మూసుకుని బెండకాయ పులుసును, దాన్ని వేడివేడిగా కలుపుకుని తినే మొగుణ్ణి తలుచుకుని మనసును ఒకచోట నిలబెట్టింది. చెవి వెనక వెచ్చబడింది. "హమ్మయ్య, వచ్చింది ఎరుపు" అంటూ పోలమ్మ సంచి చేతికిచ్చింది.

మనసు నిలవకపోవడానికి కారణం ఆ రోజు పొద్దున్నే వచ్చిన కబురు. ఇంటి గోడమీది పలుకుపలక, వాన రాబోతోందని చెప్పేటప్పుడు వాడే మెత్తని గొంతుతోనే, దాన్ని కూడా చదివి వినిపించింది. "మీరు సాయంసంధ్య వృద్ధుల నిలయంలో సేవిక ఉద్యోగాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నట్టు మీ సంకల్పిక తెలుపుతోంది. కనుక నిరుద్యోగ భృతికి మీరు అర్హులు కారు. అభ్యంతరముంటే పునర్విచారణ మండలిని ఆశ్రయించవచ్చు."

వీరవేణి ఉద్యోగాన్ని వదులుకోలేదు. ఆ ఉద్యోగమే ఆమెను గేటు బయట నిలబెట్టింది.

సంకల్పిక రాకముందు కాగితాలుండేవి, సంతకాలుండేవి. ఆమె తల్లి రొయ్యల కంపెనీలో పనిచేసే రోజుల్లో ఒకనాడు పర్యవేక్షకుడు గదిలోకి పిలిచి తలుపు వేసి, "ఇష్టపూర్వకంగా మానుకుంటున్నాను" అన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడట. ఆ కథ తల్లి నోట వినీ వినీ పెరిగిన మనిషి వీరవేణి. అందుకే సంకల్పిక చట్టం వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడ్డది ఇలాంటి ఇళ్ళవాళ్ళే. ఇక ఎవరూ ఎవరి మెడలూ వంచలేరు. మనసు పూర్తిగా పట్టుకుంటే పూస ఎరుపు, పూర్తిగా వదిలేస్తే తెలుపు. నోటితో ఏమన్నా, చేత్తో ఏం రాసినా చెల్లదు. పొలాల అమ్మకాలు, పెళ్ళిళ్ళు, పంపకాలు, చివరికి కూరల బేరాలు కూడా ఆ రెండు రంగుల మీదే నడుస్తున్నాయి. "ఛీ, ఈ ఉద్యోగం ఎవడిక్కావాలి" అని విసుక్కున్నంత మాత్రాన తెలుపు రాదు. కోపం కూడా ఒక రకమైన పట్టే కాబట్టి పూస మరింత ఎర్రబడుతుంది. అంత జాగ్రత్తగా చేశారు దాన్ని.

ఒక్కటి మాత్రం దానికి చేతకాదు. మనిషి దేన్ని పట్టుకున్నాడో, దేన్ని వదిలాడో దానికి తెలియదు. ఆ సమయానికి ఎదురుగా ఏ వ్యవహారముంటే దానికి జతచేస్తుంది. తట్ట ముందు నిలబడితే కూరలకు, పీటల మీద కూర్చుంటే పెళ్ళికి, పని వేళల్లో పనికి.

వీరవేణి సంచి భుజాన వేసుకుని కాలవగట్టు దారిన ఇంటికి బయలుదేరింది. సముద్రం ముందుకొచ్చాక కాకినాడలో సగం వీధులు కాలవలైపోయాయి. గట్టు పక్క ఇళ్ళ ద్వారబంధాల మీద ఉనికి దీపాలు పగటిపూట కూడా సన్నగా వెలుగుతున్నాయి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని దీపాలు. మనిషి పోయినంత మాత్రాన దీపం ఆరదు. అయినవాళ్ళలో ఒకరు మనసారా వదిలి వీడ్కోలు ముద్ర వెయ్యాలి. అప్పుడే పట్టణం చిట్టాలో ఆ పేరు మూతపడుతుంది, దీపం ఆరుతుంది. మామూలుగా పదోరోజున స్నానాలయ్యాక వేస్తారు. వెయ్యలేనివాళ్ళు ఎంతకాలమైనా ఆగవచ్చు. చట్టం రాసినవాళ్ళు అంతమాత్రం దయ చూపారు.

మలుపు దగ్గరి నీలం తలుపుల ఇల్లు హైమవతిది. ద్వారబంధం మీద రెండు దీపాలున్నాయి. ఇంట్లో ఉండేది హైమవతి ఒక్కతే. రెండోది ఆమె తల్లి కామేశ్వరమ్మగారిది. ఆవిడ నిలయంలో పోయి పదోరోజూ దాటింది, నెల మాసికమూ దాటింది, దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

వీరవేణి ఆ దీపం వంక చూడకుండా ఆ ఇల్లు దాటింది.

*

"చెప్పెయ్యరాదటే?" అన్నాడు మొగుడు తాతబ్బాయి పులుసు కలుపుకుంటూ. "ఉన్నదున్నట్టు చెప్పెయ్యి. నువ్వేమన్నా దొంగతనం చేశావా?"

"చెప్తే హైమమ్మగారు వింటారు."

"వింటే?"

"మీకు తెలీదండీ."

"నాకేం తెలుసు? బల్లకట్టు నడుపుకునేవాణ్ణి. అది కూడా వంతెన కట్టి మూసేశారు గాబట్టి ఇప్పుడు అదీ తెలీదు." నవ్వించడానికే అన్నాడు. ఆమె నవ్వకపోయేసరికి గొంతు మార్చాడు. "చూడు వేణీ. 'వదిలిపోయినవాళ్ళు' అన్న ముద్ర పడిందంటే నిన్నింక ఏ నిలయంవాళ్ళూ గుమ్మం ఎక్కనివ్వరు. మంచంలో మనిషిని వదిలిపోయే రకం అంటారు. భృతి సంగతి దేవుడెరుగు, ఆ మాట పడగలవా నువ్వు?"

ఆ మాటే పొద్దుటినుంచీ ఆమె గుండెలో ముల్లులా ఉంది. పదహారేళ్ళ వయసులో నాయనమ్మకు పక్కగుడ్డలు మార్చడంతో మొదలైన పని అది. ఆ పని తప్ప ఆమెకు మరొకటి రాదు, మరొకటి చెయ్యాలనీ లేదు.

కామేశ్వరమ్మగారు పోయిన మర్నాడు వీరవేణి ఎప్పటిలాగే నిలయానికి వెళ్ళింది. గేటు తెరుచుకోలేదు. కార్యనిర్వాహకుడు జోగారావు లోపలినుంచి వచ్చి, కమ్మీల అవతల నిలబడి, "నేను తియ్యలేదు వీరవేణమ్మా, నువ్వే వదిలేశావు. నిన్న మధ్యాహ్నం నీ పూస తెల్లబడింది. ఇన్నేళ్ళలో అంత తెల్లటి తెలుపు నేను చూళ్ళేదు" అన్నాడు. అది ఉద్యోగం గురించి కాదు బాబూ అని ఆమె మొత్తుకుంది. మరి దేని గురించని అతను అడిగాడు. ఆ సంగతి మాత్రం ఆమె చెప్పదలచుకోలేదు. అతని వెనక వసారాలో, ఆమె కుర్చీలో, అప్పటికే కొత్త సేవిక కూర్చుని మందులు సర్దుకుంటోంది. మూడు గదులకు ఒక సేవికైతే చాలదని వీరవేణి అంతకుముందే పైవాళ్ళదాకా వెళ్ళి గొడవపెట్టిన మాట నిజం. ఈ తెలుపు వాళ్ళకు వెతకబోయిన తీగలా కాలికి తగిలింది.

"అప్పీలు పెడతాను. మానుకోలేదని చెప్తాను. ఎందుకు తెల్లబడిందో మాత్రం చెప్పను" అంది చివరికి.

"అలాగైతే గెలిచినట్టే, ఆయ్" అన్నాడు తాతబ్బాయి, పళ్ళెంలోకి చూస్తూ.

*

పునర్విచారణ మండలి ఒకప్పటి సినిమాహాల్లో నడుస్తోంది. విచారణాధికారి పినాకపాణి ముసలివాడు. చేతిరుమాలుతో మాటిమాటికీ మెడ తుడుచుకుంటున్నాడు. చట్టం ప్రకారం ఇలాంటి తగవుల్లో యంత్రం కాక మనిషే తీర్పు చెప్పాలి. ఆయన ముందున్న బల్లమీద వీరవేణి పూస ఆ రోజు చూపిన తెలుపు ఒక సన్నని అలలా మెరుస్తోంది. మనుషుల వేలిముద్రల్లాగే ఒక తెలుపు ఇంకో తెలుపులా ఉండదు.

"ఇది నీదేనామ్మా?"

"నాదేనండి."

"పని వేళలో వచ్చింది. నువ్వు ఉద్యోగం వదల్లేదంటున్నావు. మరి దేన్ని వదిలావు?"

"చెప్పలేనండి. ఉద్యోగాన్ని మాత్రం కాదు."

పినాకపాణి నిట్టూర్చాడు. "చెప్పకపోతే నేను నీకు ఏ రకంగానూ సాయం చెయ్యలేనమ్మా. చెప్పి, మళ్ళీ అదే తలుచుకుంటే, పూస ఇదే అలను చూపిస్తుంది. అబద్ధమైతే ఊగుతుంది. నీకున్న దారి అదొక్కటే."

ఆమె తల వంచుకుంది.

నిలయం తరఫున జోగారావు వచ్చాడు. సాక్షిగా హైమవతిని పిలిపించాడు. యాభై దాటిన మనిషి. నీరుకావి రంగు చీర కట్టుకుని, కత్తిరించుకున్న జుట్టును చెవుల వెనక్కి తోసుకుని వచ్చి కూర్చుంది. వీరవేణిని చూసి తల ఊపింది. వీరవేణి చేతులు జోడించింది గాని కళ్ళెత్తలేదు.

"ఈవిడ ఉద్యోగం చెయ్యలేకపోతున్నానని మీతో ఎప్పుడన్నా అన్నదాండీ?" అని అడిగాడు జోగారావు.

"అంది. చాలాసార్లు అంది."

జోగారావు అధికారి వంక చూశాడు. హైమవతి ఆగలేదు.

"మీరు మూడు గదులూ ఆమె నెత్తిన పడేశాక ఎవరైనా అంటారు. నేనూ మా ఆఫీసులో రోజూ అనేదాన్ని, పింఛను పుచ్చుకునేదాకా చేశాను. మా అమ్మని ఆమె కన్నకూతురిలా చూసింది. ఆ మాట చెప్పడానికే వచ్చాను."

కన్నకూతురన్న మాటకు వీరవేణి చీర చెంగు పిడికిట్లో నలిగింది.

"ఆ చివరి రోజు సంగతి చెప్పండమ్మా" అన్నాడు పినాకపాణి.

"వాన. తడిసి ముద్దై వెళ్ళాను. అమ్మకి అప్పటికి చూపు లేదు. మాట కూడా ఎప్పుడో ఒకటి. ఆయాసం. మూడు రోజులుగా అదే. అందరూ నాకు చెబుతూనే ఉన్నారు, 'నీ కోసమే ఆగింది, నేను బాగానే ఉంటాను, నువ్వు వెళ్ళు అని చెప్పు' అని. వాళ్ళకేం, సులువుగా చెబుతారు. నేను చెప్పలేకపోయాను. ఆమె ఉండాలనే నాకు. మంచంలోనైనా సరే ఉండాలి. కాసేపు పక్కన కూర్చుని వసారాలోకి వెళ్ళిపోయాను. లోపలికి వచ్చేసరికి..." హైమవతి చేత్తో గాల్లో ఏదో తుడిచేసినట్టు చేసింది. "నిద్రలోనే పోయిందని చెప్పారు."

జోగారావు లేచాడు. అతను చెడ్డవాడేమీ కాదు. పైవాళ్ళు చెప్పమన్నది చెప్పేసి త్వరగా ఇంటికి పోదామనుకునే మనిషి. "అయ్యా, మా వాదన ఒకటే. ఈ తెలుపు వచ్చేటప్పటికి కామేశ్వరమ్మగారు బతికే ఉన్నారు. ఆవిడ నాడి చప్పుడు ఆగింది ఆ తరవాతే. అంటే పక్కన రోగి ఆఖరి ఘడియల్లో ఉండగా ఈవిడ మనసు పని వదిలేసింది. మంచం పక్కన ఒళ్ళుంది గాని మనిషి లేదు."

హైమవతి మెల్లిగా వీరవేణి వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం లేదు. దిక్కు తోచనితనం ఉంది.

"అయితే అమ్మ దగ్గర ఆఖర్న ఎవరూ లేనట్టేనా? నేను వసారాలో ఉన్నాను. నువ్వున్నావు కదా అనుకున్నాను, వేణీ. నువ్వున్నావనే నేను వెళ్ళాను."

వీరవేణి లేచి నిలబడింది. చెప్పకూడదని ఇంటి దగ్గర కట్టుకున్న మాటలన్నీ ఆ ఒక్క ప్రశ్నకు తెగిపోయాయి.

"ఉన్నానమ్మా. ఆవిడ తల నా ఒళ్ళోనే ఉంది." పినాకపాణి వైపు తిరిగింది. "చెప్తానండి."

ఆయన బల్లమీద ఒకచోట వేలుంచి విచారణకు విరామం పెట్టాడు. లేకపోతే ఇప్పుడొచ్చే తెలుపు ఆమె తన అప్పీలునే వదులుకున్నట్టు లెక్కకొస్తుంది.

"ప్రాణం కొట్టుకుంటోందండి. కళ్ళు గుమ్మం వైపే. చూపు లేకపోయినా గుమ్మం వైపే. తులసి నీళ్ళతో పెదవులు తడిపాను. దిగటం లేదు. హైమమ్మగారి కోసం వసారాలోకి చూశాను. స్తంభానికి తల ఆనించుకుని ఉన్నారు. పిలిస్తే రాలేరని తెలుస్తూనే ఉంది. మామ్మగారి తల ఒళ్ళోకి తీసుకుని చెవిలో చెప్పాను. 'అమ్మా, నేను హైమని. నేను బాగానే ఉంటానమ్మా. ఇక నువ్వు వెళ్ళు' అని."

హైమవతి కదల్లేదు.

"ఉత్త మాటలు చెప్తే వాళ్ళకి తెలిసిపోద్దండి, పోయేవాళ్ళకి. మా నాయనమ్మ దగ్గర చూశాను నేను. చెప్పినవాళ్ళ మనసు కూడా వదలాలి. అందుకని ఆ కాస్సేపూ నేను హైమమ్మగారినే అనుకున్నాను. ఆవిడ నా తల్లే అనుకున్నాను. అనుకుని, వదిలేశాను."

చివరి మాటతో పాటు ఆమె చెవి వెనక పూస తెల్లబడింది. మల్లెమొగ్గ రంగు. బల్లమీద రెండో అల లేచి, మొదటి అల మీద వాలి, దానిలో కలిసిపోయింది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. జోగారావు కుర్చీలో కూలబడి బూట్లు చూసుకుంటూ ఉండిపోయాడు.

హైమవతి లేచింది. "నా పేరుతో" అంది. అదేమీ అరుపు కాదు. "నేను ఉండమన్నాను. నువ్వు నా పేరుతో వెళ్ళమన్నావు." సంచి తీసుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది. ఆ తలుపు పాత సినిమాహాలు తలుపులాగే చాలాసేపు ఊగింది.

*

తీర్పును కూడా పలుకుపలక అదే మెత్తని గొంతుతో చదివింది. "సదరు విడుపు ఉద్యోగానికి సంబంధించినది కాదు. అప్పీలుదారు కూతురి స్థానంలో నిలిచి శ్రీమతి కామేశ్వరమ్మగారికి ఇచ్చిన వీడ్కోలుగా దీన్ని నిర్ధారించడమైనది. నిలయంవారు ఆమెను తొలగించినట్టే భావించి భృతి చెల్లించవలెను. ఆమె పేరు మీది అభియోగం తొలగించడమైనది."

తాతబ్బాయి పరుగున వెళ్ళి జున్ను పట్టుకొచ్చాడు. "చూశావా! నిజం చెప్తే ఎవరన్నా ఏం చెయ్యగలరే?" అని గిన్నె ఆమె ముందుపెట్టాడు. వీరవేణి ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. రుచి తెలియలేదు. హైమవతి ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగితే తప్ప మింగుడు పడేలా లేదు. జున్ను సగం ఇంకో గిన్నెలో పెట్టి మూతపెట్టుకుని బయలుదేరింది.

మలుపు తిరగ్గానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. నీలం తలుపుల పైన ఒక్క దీపమే వెలుగుతోంది.

గడపమీద కూర్చుని ఉన్న హైమవతి తల ఎత్తింది. "మధ్యాహ్నం అన్నం తింటుంటే ఆరిపోయింది" అంది. ఎవరికో వంటింటి సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "ముందు కరెంటు పోయిందనుకున్నాను. నాది వెలుగుతోందిగా. తరవాత పలుకుపలక చెప్పింది. వీడ్కోలు ముద్ర పడిందట, కామేశ్వరమ్మగారి పేరు మూసేశారట. వేసిందెవరు అనడిగితే కూతురంది."

గిన్నె గడప పక్కన పెట్టేసి వీరవేణి వచ్చిన దారినే మండలి వైపు పరుగులాంటి నడకతో వెళ్ళింది. పినాకపాణి గొడుగు పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. సంగతి విని మెట్టు మీదే ఆగిపోయాడు. చాలాసేపు ఆలోచించి అర్థం చేసుకున్నాడు. ఉద్యోగం నుంచి విడదీసిన తెలుపును యంత్రం ఊరికే వదిలిపెట్టలేదు. అది ఎవరికిచ్చిన వీడ్కోలో తీర్పులో ఆయనే రాశాడు. కామేశ్వరమ్మగారి పేరు అప్పటికింకా తెరిచే ఉంది. యంత్రం ఆ తెలుపును తీసుకెళ్ళి అక్కడ అతికించింది.

"నా అప్పీలు వెనక్కి తీసుకుంటానండి. భృతి వద్దు. వదిలిపోయిందనే రాసుకోండి. ఆవిడ దీపం వెలిగించండి."

"అప్పీలు వెనక్కి తీసుకోవచ్చమ్మా. మూసిన పేరు తెరవడానికి మాత్రం దారి పెట్టలేదు." పినాకపాణి గొడుగు మూసి, మళ్ళీ తెరిచి, ఏం చెయ్యాలో తోచనట్టు మూశాడు. "మూయలేనివాళ్ళుంటారని ఆలోచించాం, గడువు తీసేశాం. అన్నీ ఆలోచించామనుకున్నాం. ఒకరి వీడ్కోలు ఇంకొకరు ఇచ్చేస్తారని మాకెవరికీ తట్టలేదు. ఆ చట్టం రాసినవాళ్ళలో నేనూ ఉన్నానమ్మా."

ఆమె తిరిగొచ్చేసరికి దీపాలవేళ అయింది. హైమవతి గడపమీదే ఉంది. గిన్నె పెట్టినచోటే ఉంది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. వీరవేణి మెట్టు కింద, మట్టిలో కూర్చుంది.

"దారి లేదన్నారమ్మా."

"తెలుసు. నేనూ అడిగాను" అంది హైమవతి. "రోజూ ఆ దీపం చూసి పడుకునేదాన్ని. నాకు పిచ్చేం లేదు, అమ్మ లేదని తెలుసు. ఎప్పుడో ఒకరోజు నేనే వేద్దామనుకున్నాను. తొందరేముంది అనుకున్నాను. అది ఒక్కటే మిగిలింది నాకు ఆమెకి చెయ్యడానికి. నిన్ను తిట్టాలని మధ్యాహ్నం నుంచీ మాటలు కూడబెట్టుకున్నాను. ఒక్కటీ రావటంలేదు. నేను వసారాలో నిలబడ్డాను. నువ్వు తల ఒళ్ళో పెట్టుకున్నావు. ఏమని తిట్టను?"

మండలిలో ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పని మాట ఒకటి వీరవేణి దగ్గర ఉంది. మొగుడికి కూడా చెప్పలేదు. అది తనది కాదని, ఎప్పటికైనా ఇచ్చెయ్యవలసిందని ఆమెకు ఆ రోజే తెలుసు.

"మామ్మగారు ఒక మాటన్నారమ్మా. నేను చెవిలో చెప్పాక."

హైమవతి ముందుకు వంగింది. "ఏమంది?"

"'బుజ్జీ, తల తుడుచుకో, జలుబు చేస్తుంది' అన్నారు. అంతే. ఇంకేం అనలేదు."

కాలవలో ఎవరిదో తెప్ప పోతోంది. దాని అలలు వచ్చి గట్టును తాకి ఆగిపోయాయి.

"నీ తల తడిసి ఉందా ఆ రోజు?"

"లేదమ్మా. నేను పొద్దుటినుంచీ గదిలోనే ఉన్నాను. వాన చుక్క పడలేదు నా మీద."

హైమవతి చెయ్యి తనంతట తానే తల మీదికి వెళ్ళింది. పొట్టి జుట్టును పాయలు పాయలుగా తడుముకుంది. ఆనాడు ఆ జుట్టులోంచి కారిన నీళ్ళు తల్లి ముంజేతి మీద పడ్డాయి. తుడవబోయి, తుడవకుండానే లేచి వెళ్ళిపోయింది. ఆ సంగతి ఇప్పుడు గుర్తురావడం హైమవతి ముఖంలో వీరవేణికి కనిపిస్తూనే ఉంది.

"చెప్పిందంతా నువ్వు. విన్నదేమో నన్నా" అంది హైమవతి.

పమిట చెంగు తీసి పొడిగా ఉన్న తలను మెల్లిగా తుడుచుకుంది. చెవుల వెనక, మెడ మీద, పాపిట దగ్గర, చిన్నపిల్లలకు తల్లులు తుడిచినట్టు. తుడుచుకుని, చెంగు ఒళ్ళో పెట్టుకుని, వెలగని దీపం వైపు చూసింది.

"తుడుచుకున్నానమ్మా" అంది. "నేను బాగానే ఉంటాను. ఇక వెళ్ళు."

ఆమె చెవి వెనక పూస తెల్లబడింది. తన పూసను వీరవేణి ఎన్నడూ చూసుకోలేదు గాని, ఇంత తెలుపు ఎక్కడా చూడలేదు. మసక చీకట్లో అది గింజంత వెన్నెలలా నిలబడింది. జతచేసుకోవడానికి తెరిచి ఉన్న పేరు కోసం కాసేపు ఎదురుచూసింది. ఏదీ దొరకలేదు. ఎక్కడా నమోదు కాకుండా మెల్లమెల్లగా తన పాత గోధుమరంగులోకి దిగిపోయింది.